మంచు దారిలో ఎస్‌యూవీకి ఏ టైర్లు: ఆల్ సీజనా, ఆల్ వెదరా, వింటరా?

అక్టోబరు నెలాఖరుకు మా డెట్రాయిట్ శివార్లలో ఆకులు రాలడం పూర్తి కావస్తుంది. అప్పటి నుంచి మొదటి మంచు పడేదాకా తెలిసినవాళ్ళు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "మాది ఆల్ వీల్ డ్రైవ్ ఎస్‌యూవీయే కదండీ, మళ్ళీ మంచు కోసం వేరే టైర్లు దేనికి?" టెక్సాస్ నుంచో జార్జియా నుంచో ఉద్యోగం మారి వచ్చినవాళ్ళు, హైదరాబాదు నుంచి నేరుగా వచ్చి ఇక్కడే తొలిసారి మంచు చూసినవాళ్ళు ఇలా అడగడంలో వింత లేదు. బండి అమ్మేచోట మంచు మాట ఎత్తగానే చూపించేది వెనక తలుపు మీది ఆల్ వీల్ డ్రైవ్ బ్యాడ్జీనే తప్ప కింద ఉన్న టైర్లను కాదు. ఆ బ్యాడ్జీ కోసం వెయ్యి డాలర్లకు పైగా అదనంగా ఇవ్వడానికి వెనుకాడనివాళ్ళు కూడా టైర్ల దగ్గరకు వచ్చేసరికి చెయ్యి బిగపడతారు.

నా మొదటి చలికాలం నేనూ అదే నమ్మకంతో బండి నడిపాను. జనవరిలో ఒక ఉదయం ఆరంగుళాల మంచులోంచి మా డ్రైవ్‌వే దాటి బండి ఒక్క చక్రమైనా ఊరికే తిరగకుండా రోడ్డెక్కింది. ఆ సులువు చూసి చాలా సంతోషించాను. మా కాలనీ నుంచి పెద్ద రోడ్డుకు దిగేచోట చిన్న వాలు ఉంటుంది, దాని చివర స్టాప్ సైను. గంటకు 20 మైళ్ళ వేగంతో వస్తూ, రోజూ ఎక్కడ బ్రేకు వేస్తానో సరిగ్గా ఆ పోస్టు డబ్బా దగ్గరే బ్రేకు వేశాను. కాలి కింద పెడల్ గడగడా అదిరింది కాని, బండి మాత్రం ఎవరో వెనక నుంచి మెల్లగా తోస్తున్నట్టు ముందుకు పోతూనే ఉంది. స్టాప్ సైను దాటి, పెద్ద రోడ్డులోకి సగం దూరాక గాని ఆగలేదు. ఆ క్షణాన అటుగా ఎవరూ రాలేదు కాబట్టి బతికిపోయాం. వెనక సీటులో ఉన్న మా నాలుగేళ్ళ పాప, "నాన్నా, ఇక్కడెందుకు ఆపావు?" అని అడిగింది. అరగంట ముందు మంచులోంచి అంత సులువుగా బయటపడ్డ బండే ఇప్పుడు ఆగవలసిన చోట ఆగలేదు. ఆ రెండింటి మధ్య తేడాను అర్థం చేసుకోవడానికి నాకు ఆ చలికాలమంతా పట్టింది.

ఆల్ వీల్ డ్రైవ్ చేసే పని, చేయలేని పని

ఆల్ వీల్ డ్రైవ్ ఇంజన్ శక్తిని రెండు చక్రాలకు బదులు నాలుగు చక్రాలకూ పంచుతుంది. ఆగిన చోట నుంచి కదలడానికి, మంచు నిండిన వీధిలోంచి బయటపడడానికి, ఎత్తు ఎక్కడానికి అది నిజంగా పనికొస్తుంది. ఆ మేలును తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. అయితే బ్రేకు వేసే సమయంలో ఇంజన్ శక్తితో పని లేదు. బ్రేకులు అతి చవకైన సెడానుకు కూడా నాలుగు చక్రాలకూ ఉంటాయి కాబట్టి, ఆగే విషయంలో ఆల్ వీల్ డ్రైవ్ వల్ల కలిసివచ్చేది ఏమీ లేదు. మలుపులోనూ అంతే: బండి పక్కకు జారిపోకుండా పట్టి ఉంచేది రబ్బరుకూ రోడ్డుకూ మధ్య ఉన్న పట్టు మాత్రమే. బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్, బండి అదుపు తప్పి తిరగకుండా చూసేందుకు అమెరికాలో 2012 మోడళ్ళ నుంచి ప్రతి కారుకూ తప్పనిసరి చేసిన స్టెబిలిటీ కంట్రోల్ ఎంతో విలువైనవే అయినా, అవి ఉన్న పట్టును పొదుపుగా వాడగలవు గాని లేని పట్టును పుట్టించలేవు. రెండు టన్నుల బండికీ నేలకూ ఉన్న సంబంధమంతా నాలుగు అరచేతులంత రబ్బరు.

"బరువైన బండి కదా, రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది" అనే మాట కూడా తరచుగా వింటుంటాను. బరువు పెరిగితే చక్రాల కింద పట్టు పెరిగే మాట నిజమే. కాని ఆపవలసిన వేగశక్తి కూడా సరిగ్గా అంతే మోతాదులో పెరుగుతుంది కనుక ఒకదానికొకటి చెల్లిపోతాయి. ఎత్తు వల్ల మలుపుల్లో బండి ఒరిగే గుణం ఎక్కువ కాబట్టి, జారడం మొదలైన ఎస్‌యూవీని దారిలో పెట్టడం సెడాను కన్నా కష్టం. నేల నుంచి ఎనిమిది అంగుళాలకు పైగా ఎత్తు ఉండడం లోతైన మంచులో అడుగు తగలకుండా కాపాడుతుంది, అది నిజమైన లాభం. కాని రోడ్డు మీది మంచును తోసే ప్లౌ బండి వచ్చి చెక్కివెళ్ళిన తరువాత మిగిలే నున్నటి పొర మీద ఆ ఎత్తు ఏ సాయమూ చేయదు. మనం చలికాలంలో నడిపేది చాలా రోజులు ఆ పొర మీదే.

బడిలో చదువుకున్న భౌతికశాస్త్రంతో ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. గంటకు 30 మైళ్ళ వేగంలో బ్రేకు తొక్కిన బండి, ఎండిన తారు రోడ్డు మీద ఘర్షణ గుణకం (టైరుకు రోడ్డు మీద ఉన్న పట్టు కొలత) 0.8 అనుకుంటే సుమారు 38 అడుగుల్లో ఆగుతుంది. అణిగిన మంచు మీద ఆ గుణకం 0.3 అయితే 100 అడుగులు, 0.2కు పడిపోతే 150 అడుగులు, నున్నటి ఐసు మీద 0.1 అయితే 300 అడుగులు పడుతుంది. అణిగిన మంచు మీద 0.2కూ 0.3కూ మధ్య ఉన్న తేడా చాలావరకు టైరు తెచ్చే తేడాయే. అంటే 50 అడుగులు, మూడు ఎస్‌యూవీలను వరసగా నిలబెట్టినంత దూరం. ముందున్న స్కూలు బస్సు వెనక ఆగడానికీ దాన్ని గుద్దడానికీ మధ్య ఉండే దూరం ఇంతకన్నా ఎక్కువేమీ కాదు. వాలు ఉంటే లెక్క ఇంకా కఠినంగా మారుతుంది: 100 అడుగులకు 5 అడుగులు దిగే రోడ్డు మీద ఐసు ఉంటే, ఆ 0.1లో సగం పట్టును వాలే తినేస్తుంది కాబట్టి ఆగే దూరం రెట్టింపవుతుంది. మా కాలనీ వాలు మీద ఆ రోజు నాకు జరిగింది ఇదే.

మరొక చిక్కు నాకు తరువాత అర్థమైంది. రెండు చక్రాల డ్రైవ్ ఉన్న కారు మంచులో బయల్దేరేటప్పుడే చక్రాలు ఊరికే తిరిగి, ఈ రోజు రోడ్డు జారుతోందని నడిపేవాడికి ముందుగా చెబుతుంది. ఆల్ వీల్ డ్రైవ్ ఆ హెచ్చరికను కప్పేస్తుంది. రోడ్డు ఎంత జారుతోందో మొదటిసారి తెలిసేది బ్రేకు వేసినప్పుడే, అప్పటికి వేగం పెరిగిపోయి ఉంటుంది. అందుకే ఎస్‌యూవీ ఉన్నవాళ్ళకు టైర్ల అవసరం ఇతరుల కన్నా తక్కువ కాదని, నిజానికి కొంచెం ఎక్కువేనని నేను అంటాను.

చలికి రబ్బరు ఏమవుతుంది

టైరు పట్టు సగం రబ్బరు మెత్తదనం నుంచి, సగం ట్రెడ్డు (నేలను తాకే గాళ్ళున్న భాగం) ఆకారం నుంచి వస్తుంది. బండితో వచ్చే మామూలు ఆల్ సీజన్ టైర్ల రబ్బరు వేసవి వేడికి తట్టుకుని, అరవై వేల మైళ్ళ దాకా అరగకుండా ఉండేలా తయారవుతుంది. ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెల్సియస్, అంటే 45 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా తగ్గుతున్నకొద్దీ అది బిగుసుకుపోతుంది. వింటర్ టైరు రబ్బరులో సిలికా వంటివి కలిపి, గడ్డకట్టే చలిలోనూ అది మెత్తగా ఉండేలా చూస్తారు. దీనికి పరీక్ష కూడా అక్కరలేదు: డిసెంబరులో గ్యారేజీలో ఒక మూల పేర్చిన వింటర్ టైరును, బండికి ఉన్న ఆల్ సీజన్ టైరును పక్కపక్కన బొటనవేలి గోటితో నొక్కి చూస్తే, మొదటిదానిలో గోరు దిగిన గుర్తు పడుతుంది, రెండోది చెప్పు అట్టను నొక్కినట్టు ఉంటుంది. మంచు లేకపోయినా చలికి టైరు పట్టు తగ్గుతుందనే సంగతి చాలామందికి తెలియదు.

ఇక ఆకారం. వింటర్ టైరు ట్రెడ్డు మీద ప్రతి దిమ్మెనూ సన్నని కోతలు నిలువునా, వంకర టింకరగా చీల్చి ఉంటాయి. వీటినే సైపులు అంటారు. చక్రం తిరిగేటప్పుడు ఆ కోతలు విచ్చుకుని వందలాది చిన్న అంచులుగా మారి మంచును కొరుకుతాయి. వెడల్పాటి గాళ్ళు మంచును తమలో దట్టించుకుంటాయి. ఇది చెడ్డ విషయంలా అనిపిస్తుంది గాని కాదు: పిల్లలు ముద్దలు చేసి ఆడుకునేటప్పుడు మంచు మంచుకు అతుక్కున్నట్టే, గాళ్ళలో ఇరుక్కున్న మంచు రోడ్డు మీది మంచును పట్టుకుంటుంది. అరిగిన టైరులో గాడి లోతు ఉండదు కాబట్టి ఈ పనంతా ఆగిపోతుంది.

ఐసు సంగతి వేరు. ఐసు మీద మనల్ని జార్చేది, చక్రం రాపిడికి పైన ఏర్పడే పలచని నీటి పొర. అందుకే మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ చలిలో ఉన్న ఐసు కన్నా, సున్నాకు దగ్గరగా కరుగుతూ గడ్డకడుతూ ఉండే ఐసు ఎక్కువ ప్రమాదం. ఆ నీటిని పీల్చుకునేలా సన్నని రంధ్రాలున్న రబ్బరుతో బ్రిడ్జ్‌స్టోన్ సంస్థ 1988లో జపానులో బ్లిజాక్ టైరును తెచ్చింది. అంతకుముందు జపాను ఉత్తర నగరాల్లో ఇనుప మేకులున్న టైర్లు రోడ్లను అరగదీసి, ఆ దుమ్ముతో గాలిని పాడుచేసేవి. 1990లో వాటిని కట్టడి చేస్తూ అక్కడ చట్టమే వచ్చింది. మేకులు లేకుండా ఐసును పట్టుకునే టైర్ల తయారీ ఆ అవసరం నుంచే ఊపందుకుంది. యూరప్‌లో దీని చరిత్ర ఇంకా పాతది: ఫిన్లాండులోని నోకియన్ సంస్థ 1934లోనే మంచు కోసం ప్రత్యేకంగా టైరు చేసింది.

టైరు పక్కన ఉన్న గుర్తును చదవడం

దుకాణంలో ఎవరు ఏం చెప్పినా, టైరు పక్కగోడ మీద ఉన్న రెండు గుర్తుల తేడా తెలిస్తే సగం పని అయినట్టే. మొదటిది ఎం ప్లస్ ఎస్ అనే అక్షరాలు. మడ్, స్నో అనే మాటలకు అవి పొట్టి రూపాలు. ట్రెడ్డులో గాళ్ళు తగినంత ఉన్నాయనే దానికి తయారీదారు ఇచ్చుకునే మాట ఇది. దాని కోసం మంచు మీద ఏ పరీక్షా చేయనక్కరలేదు. అమెరికాలో అమ్మే ఎస్‌యూవీలతో వచ్చే ఆల్ సీజన్ టైర్లలో దాదాపు అన్నిటికీ ఈ అక్షరాలు ఉంటాయి. రెండోది మూడు శిఖరాల కొండ బొమ్మ, దాని మధ్య మంచుపూవు. ఇది 1999లో అమెరికా, కెనడా టైరు పరిశ్రమలు కలిసి తెచ్చిన గుర్తు. అణిగిన మంచు మీద ఒక ప్రామాణిక టైరుతో పోల్చి చూసినప్పుడు కనీసం నూటికి 10 పాళ్ళు ఎక్కువ పట్టు చూపిన టైరుకే అది దక్కుతుంది. అయితే ఆ పరీక్ష బండి ముందుకు కదిలేటప్పటి పట్టును కొలుస్తుంది. బ్రేకు వేసినప్పటి పట్టును గాని, మలుపులోని పట్టును గాని, ఐసు మీది పట్టును గాని కొలవదు. కాబట్టి మంచుపూవు ఉన్న రెండు టైర్లు ఒకే స్థాయివి అనుకోకూడదు. ఆ గుర్తు గడప లాంటిది. గడప లోపల మళ్ళీ ఎన్నో తరగతులు ఉన్నాయి.

ఆల్ సీజన్ టైరు పేరే మన చేత పొరపాటు చేయిస్తుంది. అన్ని కాలాలకూ అని పేరున్నా, మంచు అప్పుడప్పుడూ పలచగా పడి మధ్యాహ్నానికి కరిగిపోయే ప్రాంతాలకే అది సరిపోతుంది. 20, 21 అంగుళాల చక్రాలతో వచ్చే కొన్ని ఖరీదైన ఎస్‌యూవీలకు అదీ ఉండదు, కర్మాగారం నుంచే వేసవి టైర్లు బిగించి ఉంటాయి. అలాంటి బండిని నవంబరు తరువాత ఆ టైర్లతో బయటకు తీయనే కూడదు.

ఆల్ వెదర్ అనేది పేరులో దానికి దగ్గరగా ఉన్నా వేరే వస్తువు. మంచుపూవు గుర్తు ఉండి, వేసవిలోనూ తీయకుండా ఏడాది పొడుగునా నడపగల టైరు ఇది. మిషెలిన్ క్రాస్‌క్లైమేట్ 2, బ్రిడ్జ్‌స్టోన్ వెదర్‌పీక్, టోయో సెల్సియస్, నోకియన్ రెమెడీ వంటివి ఈ కోవలోనివి. మంచులో ఇవి మామూలు ఆల్ సీజన్ కన్నా స్పష్టంగా మెరుగు, ఏడాదికి రెండుసార్లు మార్చే పని ఉండదు. ఐసు మీద, తీవ్రమైన చలిలో మాత్రం అసలైన వింటర్ టైరుకు సరితూగవు, ఎందుకంటే జూలై ఎండలో కరిగిపోకుండా ఉండవలసిన రబ్బరును ఒక హద్దుకు మించి మెత్తగా చేయలేరు. ఒకే ఒక సెట్టు కొనగలిగినవాళ్ళకు నేను ఇదే చెబుతాను, మొహమాటం లేకుండా చెబుతాను: అరిగిన ఆల్ సీజన్ టైర్లను తీసేసి మళ్ళీ ఆల్ సీజనే వేయించడం, మంచు పడే ఊళ్ళో ఉన్నవాళ్ళు చేయకూడని పని.

మిషెలిన్ ఎక్స్ ఐస్ స్నో, బ్లిజాక్, నోకియన్ హక్కపెలీటా ఆర్ రకం, కాంటినెంటల్ వైకింగ్ కాంటాక్ట్ వంటివి మేకులు లేని అసలైన వింటర్ టైర్లు. వీటిలో చాలావాటికి ఎస్‌యూవీల బరువుకు తగిన సైజులు ప్రత్యేకంగా దొరుకుతాయి. వీటి లోపాలు కూడా చెప్పాలి. వెచ్చటి పొడి రోడ్డు మీద స్టీరింగు కొంచెం మెత్తగా, ఆలస్యంగా పలికినట్టు ఉంటుంది. వేసవిలో నడిపితే త్వరగా అరిగిపోవడమే కాక వేడి రోడ్డు మీద ఆగే దూరం కూడా పెరుగుతుంది. కాబట్టి ఏప్రిల్‌లో తీసి, నవంబరులో మళ్ళీ వేయక తప్పదు. నాలుగు టైర్లకు అయ్యే ఖర్చు చూసి భయపడేవాళ్ళకు నేను చెప్పే లెక్క ఒకటుంది: వింటర్ టైర్లు నడిచే నాలుగైదు నెలలూ మీ ఆల్ సీజన్ టైర్లు గ్యారేజీలో అరగకుండా ఉంటాయి, అందువల్ల అవి అంత ఎక్కువ కాలం వస్తాయి. రెండు సెట్లూ వంతులవారీగా అరుగుతాయి కనుక అదనంగా పడే భారం రెండో సెట్టు రిమ్ములకూ, ఏడాదికి రెండుసార్లు మార్పించే కూలికీ మాత్రమే.

మేకుల టైర్లు ఐసు మీద నిజంగానే బాగా పట్టుకుంటాయి గాని, పొడి రోడ్డు మీద చప్పుడు ఎక్కువ, పట్టు తక్కువ. మిన్నెసోటాలో నివాసులు వాటిని వాడకూడదు, దక్షిణ ఒంటారియోలోనూ నిషేధమే. మనవాళ్ళలో అత్యధికులు ఉండే శివారు ప్రాంతాలకు వాటి అవసరం లేదు.

జీపు రాంగ్లరు, 4రన్నరు వంటి బండ్లు ఉన్నవాళ్ళు మాత్రం ఒక విషయం గమనించాలి. వాటిలో కొన్నిటితో వచ్చే ఆల్ టెర్రెయిన్ టైర్ల పెద్ద పెద్ద దిమ్మెలు చూడగానే మంచును చీల్చుకుపోతాయనిపిస్తుంది, లోతైన మెత్తటి మంచులో కొంతవరకు చీలుస్తాయి కూడా. కాని ఆ దిమ్మెల మీద సన్నని కోతలు తక్కువ, రబ్బరు రాళ్ళను తట్టుకునేంత గట్టిది. అణిగిన మంచు మీద, ఐసు మీద చూడడానికి సాధువుగా ఉండే వింటర్ టైరే దాని కన్నా నయం. ఆల్ టెర్రెయినే కావాలనుకుంటే మంచుపూవు ఉన్నదాన్నే ఎంచుకోండి.

ఎక్కడ ఉండేవాళ్ళకు ఏది

మిషిగన్, మిన్నెసోటా, షికాగో శివార్లు, న్యూయార్క్ రాష్ట్రం ఉత్తర భాగం, టొరంటో, ఆటవా: ఇక్కడ ఉండి, ఉదయం ఆరింటికో ఏడింటికో తప్పనిసరిగా బయల్దేరవలసిన ఉద్యోగం ఉంటే, ముఖ్యంగా ఆసుపత్రి డ్యూటీ ఉన్నవాళ్ళయితే, నా సలహా రెండో ఆలోచన లేకుండా వింటర్ టైర్లే. ఇంటి నుంచే పని చేస్తూ, మంచు పడిన రోజు ప్లౌ బండి వచ్చేదాకా ఆగగలిగినవాళ్ళకు ఆల్ వెదర్ సరిపోతుంది. నా దృష్టిలో ఈ తేడా ఊరి కన్నా ఎక్కువ ముఖ్యం: ఆ రోజు ఇంట్లో ఉండిపోయే స్వేచ్ఛ మీకు ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. ఒంటారియోలో వింటర్ టైర్లు వేసుకున్నవాళ్ళకు ఇన్సూరెన్సు కంపెనీలు 2016 జనవరి 1 నుంచి తగ్గింపు ఇచ్చి తీరాలి, అడిగి తీసుకోండి. మాంట్రియల్‌లో ఉండేవాళ్ళకు ఎంపికే లేదు: క్వెబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా మంచుపూవు గుర్తున్న టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. జర్మనీలో చదువుకుంటున్న, పనిచేస్తున్న మనవాళ్ళు కూడా గమనించాలి. మంచు, ఐసు ఉన్న రోడ్ల మీద 2024 అక్టోబరు నుంచి అక్కడ ఎం ప్లస్ ఎస్ అక్షరాలు ఒక్కటీ చెల్లవు.

న్యూజెర్సీ, వర్జీనియా, మేరీలాండ్ వైపు ఉండేవాళ్ళలో ఎక్కువమందికి ఆల్ వెదర్ చక్కగా సరిపోతుంది.

మా బావగారు ఫ్రీమాంట్‌లో ఉంటారు. వాళ్ళ ఊళ్ళో మంచు పడదు, కాని ఏటా రెండుమూడుసార్లు పిల్లలతో లేక్ టాహోకు వెళ్తారు. "రెండు ట్రిప్పుల కోసం వింటర్ టైర్లు కొనమంటావా?" అని ఆయన అడిగినప్పుడు వద్దనే చెప్పాను. అదే టైరును అక్కడి ఎండలో మిగతా రోజులన్నీ నడపడం తప్పు. ఆల్ వెదర్ టైర్లు, బండిలో చక్రాలకు చుట్టే ఒక జత చైన్లు: అలాంటివాళ్ళకు ఇదే సరైన జోడీ. ఇంటర్‌స్టేట్ 80 మీద డోనర్ సమ్మిట్ 7,200 అడుగులకు పైన ఉంటుంది, అక్కడ మంచు తుపాను వచ్చినప్పుడు కాలిఫోర్నియా అధికారులు ఆర్ 2 అనే నిబంధన పెడతారు. నాలుగు చక్రాలకూ మంచు ట్రెడ్డున్న టైర్లతో వచ్చిన ఆల్ వీల్ డ్రైవ్ బండ్లకు చైన్లు బిగించకుండా వెళ్ళే వెసులుబాటు అందులో ఉన్నా, చైన్లు బండిలో ఉండి తీరాలి. ఆర్ 3 పెడితే ఏ బండికీ మినహాయింపు లేదు. చైన్లు కొనే ముందు మీ బండి మాన్యువల్ చూడండి. చాలా ఎస్‌యూవీలలో చక్రానికీ పైనున్న భాగాలకూ మధ్య సందు తక్కువ కాబట్టి సన్నని కేబుల్ రకం తప్ప బిగించకూడదని ఉంటుంది. కొన్నాక ఒకసారి ఇంటి ముందు, పొడి నేల మీద, చేతి తొడుగులు వేసుకుని బిగించి చూడండి. గాలివానలా మంచు కొడుతుంటే, వెనక లారీల వరస ఉంటే, మొదటిసారి ఆ కొక్కెం ఎక్కడ తగిలించాలో వెతుక్కోవడం చాలా కష్టం. కొలరాడోలో ఇంటర్‌స్టేట్ 70 మీద కొండ దారిలో సెప్టెంబరు 1 నుంచి మే 31 దాకా ఆల్ వీల్ డ్రైవ్ బండికి కూడా ట్రెడ్డు లోతు కనీసం అంగుళంలో పదహారింట మూడు వంతులు ఉండాలి.

మన దేశంలో మనాలికి సొంత ఎస్‌యూవీలో వెళ్ళే తెలుగు కుటుంబాలకు కూడా ఒక మాట. హైదరాబాదులో, విజయవాడలో కొన్న బండి టైర్లు మన ఎండల కోసం చేసినవి. సోలాంగ్ దాటి అటల్ టన్నెల్ వైపు మంచు పడినప్పుడు ఆ టైర్లతో, ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నా సరే, దిగుడు దారిలో ప్రయత్నం చేయవద్దు. చైన్లు పెట్టుకుని రోజూ ఆ దారిలో తిరిగే స్థానిక డ్రైవరు బండి ఎక్కడమే మంచిది.

కొనేటప్పుడు చూసుకోవలసినవి

వేస్తే నాలుగూ వేయాలి. డబ్బు ఆదా అవుతుందని ముందు రెండు చక్రాలకే వింటర్ టైర్లు వేస్తే, ముందు భాగం రోడ్డును పట్టుకుని వెనక భాగం జారి బండి గిర్రున తిరిగే ప్రమాదం ఉంది. ఆల్ వీల్ డ్రైవ్ బండికి ఇంకో కారణం కూడా ఉంది: నాలుగు చక్రాల చుట్టుకొలతలో తేడా ఉంటే మధ్యనున్న గేరు వ్యవస్థ నిరంతరం ఒత్తిడికి గురవుతుంది. సుబారు బండ్లకు ఆ తేడా పావు అంగుళం మించకూడదని తయారీదారే చెబుతాడు.

సైజు విషయంలో అందం కన్నా పని చూడండి. ఒకే మోడల్ ఎస్‌యూవీ 17 అంగుళాల చక్రాలతోనూ, 19 అంగుళాల చక్రాలతోనూ వస్తుంది. చలికాలం సెట్టుకు, మీ బండి బ్రేకులకు తగలకుండా సరిపోతుందని తయారీదారు అనుమతించిన వాటిలో చిన్న రిమ్మునే తీసుకోండి. టైరు వెడల్పు తగ్గి మంచును కోసుకుంటూ నేలను తాకుతుంది, పక్కగోడ ఎత్తు పెరిగి గుంతల దెబ్బను తట్టుకుంటుంది, ధర కూడా తగ్గుతుంది. టైరు మోయగల బరువును చెప్పే లోడ్ ఇండెక్సు మాత్రం తలుపు స్తంభం మీది స్టిక్కరులో ఉన్నదానికి తగ్గకూడదు. ఎలక్ట్రిక్ ఎస్‌యూవీలకు ఇది మరీ ముఖ్యం, బ్యాటరీ బరువు అంతా టైర్ల మీదే కదా. రెండో సెట్టు రిమ్ములకు గాలి ఒత్తిడి సెన్సర్లు కూడా పెట్టించకపోతే చలికాలమంతా డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలుగుతూనే ఉంటుంది, నిజంగా గాలి తగ్గిన రోజు మీకు తెలియదు.

దుకాణంలో టైరు పక్కగోడ మీద డాట్ (DOT) అక్షరాల చివర ఉండే నాలుగు అంకెలు చదవండి. 3224 అని ఉంటే అది 2024లో 32వ వారంలో తయారైనది. తగ్గింపు ధరకు అమ్మే టైరు అయిదేళ్ళ కిందటిదైతే వద్దనండి. మెత్తదనం కోసమే డబ్బు పెడుతున్నాం, అది వయసుతో పోతుంది. చట్టం టైరును అంగుళంలో ముప్పైరెండింట రెండు వంతుల లోతు దాకా నడపనిస్తుంది కాని, మంచుకు కనీసం అయిదారు వంతులు ఉండాలి. క్వార్టరు (పావు డాలరు) నాణేన్ని తలకిందులుగా గాడిలో పెట్టి చూడండి; వాషింగ్టన్ తల పైభాగం పూర్తిగా కనబడుతుంటే నాలుగు వంతుల కన్నా తక్కువ మిగిలింది, ఆ టైరుకు మంచులో పని అయిపోయింది.

ఉష్ణోగ్రత 10 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గినప్పుడల్లా టైరులో సుమారు 1 పీఎస్ఐ గాలి ఒత్తిడి తగ్గుతుంది. సెప్టెంబరులో నింపిన గాలి జనవరికి నాలుగైదు పీఎస్ఐ తక్కువ ఉంటుంది కాబట్టి, నెలకొకసారి ఉదయం బండి తీయకముందే కొలిచి, తలుపు స్టిక్కరులో ఉన్న అంకెకు నింపుకోండి. మంచులో పట్టు కోసం గాలి తగ్గించాలనే మాట ఇసుకకు చెప్పేది, అణిగిన మంచుకు వర్తించదు.

మార్పించడానికి తొలి మంచు దాకా ఆగవద్దు. మా వైపు మంచు పడిన రోజున టైరు దుకాణాల్లో వారం పది రోజుల దాకా మన వంతు రాదు, ఎస్‌యూవీ సైజులు ముందుగా అయిపోతాయి. ఉదయం ఉష్ణోగ్రతలు 45 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు దిగడం మొదలైన వారంలో వేయించి, వసంతంలో అవే ఉష్ణోగ్రతలు దాటి నిలకడగా ఉన్నాక తీయించండి. తీసేటప్పుడు ప్రతి టైరు లోపలి వైపు అది ఏ మూలదో సుద్దతో రాసి, ఉప్పు పోయేలా కడిగి, ఆరబెట్టి, ఎండ తగలని చోట నల్ల సంచుల్లో కట్టి పెట్టండి. వచ్చే నవంబరులో ముందువి వెనక్కి, వెనకవి ముందుకి వేయిస్తే నాలుగూ సమంగా అరుగుతాయి.